1985కు ముందు పెళ్లయిన ఆడపిల్లకు వాటా ఉందా?

ప్రశ్న: మాది ఆనందపురం. నాకు 1982లో పెళ్లయింది. తాతగారి నుంచి వచ్చిన నాలుగెకరాల మెట్ట ఉంది. నాన్న 2003లో పోయారు. 2002లోనే పంచేసుకున్నామని అన్నదమ్ములు ఓ స్టాంపు కాగితం చూపిస్తున్నారు. అమ్మను చివరిదాకా నేనే చూసుకున్నాను. 2018 సంక్రాంతికి అడిగితే ‘ఎన్టీఆర్ చట్టానికి ముందే నీకు పెళ్లయింది, వాటా లేదు’ అని అన్నయ్య వాట్సాప్‌లో పెట్టాడు. ఎమ్మెల్యే గారికి అర్జీ పెట్టుకోమంటున్నారు. ఏం చేయాలి? ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చేశాను.

జవాబు: అమ్మను ఎవరు చూశారన్నది ఈ దావాను తేల్చదు. ముందుగా తేల్చేది: 2002 కాగితం రిజిస్టరైందా?

పెళ్లి సంగతి వదిలేయండి. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ‘ఎన్టీఆర్ చట్టం’ (హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్ర సవరణ) అప్పటికే పెళ్లయినవారిని పక్కన పెట్టింది, నిజమే. పార్లమెంటు 2005లో ఆ తేడా తీసేసింది. నాన్న అంతకుముందే పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో చెప్పింది. శాసనసభ, పార్లమెంటు చేయాల్సింది చేశాయి. ఇక రుజువు మీది. ఎమ్మెల్యే వాటా ఇప్పించలేరు.

2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాన్నీ, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాన్నీ చట్టం ముట్టుకోదు. రిజిస్టర్ కాని కాగితం అడ్డు రాదు. కానీ అప్పటి నుంచీ పాసుబుక్కులు, అడంగళ్లు (భూమి ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) విడివిడిగా ఉంటే వాళ్లు వాటిని పట్టుకుని వాదిస్తారు. అందుకే ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), పాత అడంగల్ నకళ్లు ముందు తీయించండి. భూమి తాతగారిదేనని చూపే దస్తావేజు కూడా కావాలి. నాన్న స్వార్జితమైతే లెక్క వేరు.

ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చేశానని ఉత్తరం చివర రాశారు. ఎంత నిర్లక్ష్యం! వాటా లేదన్నారని తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లలో దావా వేయాలి. 2018 అయితే గడువు 2030 జనవరి. ఆ మెసేజ్ లేకపోతే ‘2003లోనే కాదన్నాం, గడువు దాటింది’ అంటారు. పాత ఫోన్ వెతికించండి. ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే వాళ్ల ఫోన్‌నూ భద్రపరచమనండి.

బ్రోకరు డబ్బిస్తానంటే జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) మీద గానీ, ఖాళీ స్టాంపు కాగితాల మీద గానీ సంతకం పెట్టకండి. హక్కు వదులుకున్నట్టు రాయించుకుంటే ఆ కాగితం రద్దు చేయించడానికి మరో దావా, దానికి మూడేళ్ల గడువు.

ముందు అన్నదమ్ములకు లాయరు నోటీసు పంపండి. తర్వాత విభజన దావా, దానితోపాటే భూమి అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. లాయరు ఫీజుకు జంకకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి.