పసుపు నక్షత్రం అన్నిచోట్లా లేదు

రెండో ప్రపంచ యుద్ధకాలపు యూదు కుటుంబాల గురించి పిల్లల కోసం నవలలు, నాటికలు రాస్తున్నవారి ప్రశ్నలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఐదింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పది, పన్నెండేళ్ల పిల్లల కోసం నవలిక మొదలుపెట్టాను. 1942 జులై, ఆమ్‌స్టర్‌డామ్. పదకొండేళ్ల యూదు పిల్ల కోటు మీద పసుపు నక్షత్రంతో, యూదు కాని స్నేహితురాలితో కలిసి సైకిల్ మీద పార్కుకు వెళ్తుంది. అక్కడ ఒక సైనికుడు ఆపుతాడు. ఈ ప్రారంభం సరిపోతుందా? (నరసరావుపేట పాఠకురాలు)

జవాబు: దృశ్యం కళ్లకు కడుతోంది గానీ, ఆ నెలలో ఆ ఊళ్లో అలా జరిగే వీల్లేదమ్మా. యూదులని తెలిసేలా జర్మన్లు బట్టల మీద పెట్టించిన ఆ నక్షత్రం వచ్చేనాటికి పార్కు పోయింది, జులై వచ్చేసరికి సైకిలూ పోయింది.

జర్మనీ 1940 మే 10న నెదర్లాండ్స్ మీద పడింది. ఐదు రోజుల్లో ఆ దేశం లొంగిపోయింది. ఆంక్షలు మాత్రం ఒక్కసారిగా రాలేదు. 1941 జనవరిలో యూదులకు సినిమా హాళ్లు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరులో పార్కులు వద్దన్నారు, యూదు పిల్లల్ని మామూలు బడుల నుంచి తీసి వేరే బడుల్లో వేశారు. అంటే మీ అమ్మాయీ ఆమె స్నేహితురాలూ అప్పటికే దాదాపు ఏడాదిగా ఒకే తరగతిలో లేరు. 1942 మే 3 నుంచి నక్షత్రం. జూన్ నెలాఖరుకల్లా సైకిలు తొక్కకూడదు, ట్రాము ఎక్కకూడదు, రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా గడప దాటకూడదు. కొట్లకు మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్యలోనే వెళ్లాలి. యూదులు కానివారి ఇళ్లలో అడుగుపెట్టకూడదు. జులై 15న వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి పోలండ్‌లోని మరణ శిబిరం ఆష్విట్జ్‌కు మొదటి రైలు కదిలింది.

మీకు రెండు దారులున్నాయి. సైకిలూ పార్కూ కావాలంటే కథను 1941 మే నెలకు జరపండి, నక్షత్రం తీసేయండి. లేదంటే 1942 జులైలోనే ఉంచి సైకిలు తీసేయండి. మమ్మల్నడిగితే రెండోదే మేలు. ఒక పిల్ల నడుస్తోంది, పక్కనే ఇంకో పిల్ల సైకిల్ మీద పడిపోకుండా బాలెన్స్ చేసుకుంటూ నెమ్మదిగా తొక్కుతోంది. ఇద్దరూ స్నేహితురాలి ఇంటి మెట్ల దాకా వెళ్లి ఆగిపోతారు. ఇక సైనికుడి అవసరమే ఉండదు. ఆ మెట్ల దగ్గర ఆగడంలోనే మీ పాఠకులకు అంతా తెలిసిపోతుంది.

నక్షత్రాన్ని కూడా కాస్త దగ్గరగా చూడండి. అది బ్యాడ్జీ కాదు, బట్ట. పసుపు గుడ్డ మీద నల్లగీతతో ఆరు కొసల నక్షత్రం అచ్చువేసి ఉంటుంది. మధ్యలో డచ్ భాషలో ‘యోద్’, అంటే యూదుడు, అని హీబ్రూ లిపిని వెక్కిరించినట్టుండే వంకర అక్షరాలు. దాన్ని గీత వెంట కత్తిరించుకుని, పైబట్ట మీద ఎడమవైపు ఛాతీకి కుట్టుకోవాలి. ఒక్కోటి 4 సెంట్లు. పైగా బట్టల రేషన్ కూపన్ కూడా ఇచ్చుకోవాలి. మనిషికి నాలుగే ఇచ్చారు. కాబట్టి మీ కథలో తల్లి ముందుగా కూర్చుని లెక్క వేసుకోవాలి: కోటుకు ఒకటి, స్వెట్టర్‌కు ఒకటి, మిగిలిన రెండూ ఏ గౌన్లకు? ఎండ ఎక్కువై కోటు విప్పితే లోపలి బట్ట మీదా నక్షత్రం ఉండాలి కదా. ఆరేళ్లు నిండినవారికే ఈ నిబంధన. మీ అమ్మాయికి ఐదేళ్ల తమ్ముడుంటే, వాడి ఆరో పుట్టినరోజు ఒక అధ్యాయం అవుతుంది.

ప్రశ్న: నా కథ పోలండ్‌లోని క్రాకోవ్‌లో, 1938 డిసెంబరులో మొదలవుతుంది. శుక్రవారం రాత్రి చీకటి పడ్డాక తల్లి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. కోడి సూపుతో భోజనమయ్యాక పాలతో చేసిన తీపి పెడుతుంది. పుట్టిన బాబుకు పక్కనే కూర్చున్న తాత పేరు పెడతారు. ఆచారాల్లో తప్పులుంటే చెప్పండి. (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: మూడూ తప్పే. మూడూ మన అలవాటు మీద రాసినవే.

మనకు తిథి సూర్యోదయంతో లెక్క. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శనివారపు విశ్రాంతి దినం, షబ్బాత్, శుక్రవారం పొద్దుగూకగానే వస్తుంది. అది వచ్చాక నిప్పు వెలిగించకూడదు. అందుకే పొద్దుగూకడానికి 18 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగించడం ఆనవాయితీ. డిసెంబరులో క్రాకోవ్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. అంటే తండ్రి మూడింటికే కొట్టు కట్టేసి పరుగెత్తాలి. వంటంతా అప్పటికే అయిపోయి ఉండాలి. ఆ హడావిడి పిల్లలకు బాగా నచ్చుతుంది, వదులుకోకండి. తల్లి రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థన చెబుతుంది. బల్ల మీద జడలా అల్లిన రెండు ‘హల్లా’ రొట్టెలు గుడ్డ కప్పి ఉంటాయి. తండ్రి ముందుగా ద్రాక్షసారా గిన్నె పట్టుకుని దీవెన చదువుతాడు, తర్వాతే రొట్టె తుంచుతాడు. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే షబ్బాత్ ముగిసినట్టు.

ఆచారం పాటించే ఇంట్లో మాంసంతో పాలు కలవవు. కోడి సూపు తర్వాత పాల తీపి ఉండదు, ఉడికించిన పళ్లు పెట్టండి. గిన్నెలు, చెంచాలు కూడా రెండు జతలు. ఇక్కడే తెలుగు రచయితలు పొరబడేది: ‘మన ఇళ్లలో నీచు గిన్నెలు వేరు పెట్టినట్టు’ అని రాసేస్తారు. అక్కడ మాంసం మైల కాదు. మాంసమూ శుద్ధమే, పాలూ శుద్ధమే, రెండూ కలవడమే నిషేధం.

ఇక పేరు. పోలండ్ యూదులు బతికున్న తాత పేరు మనవడికి పెట్టరు, పోయినవారి పేరే పెడతారు. మీ కథలో తాత పక్కన కూర్చుని ఉండగా ఆయన పేరు పెడితే ఆ ఇంట్లో గొడవైపోతుంది. (నెదర్లాండ్స్ యూదుల్లో మాత్రం బతికున్నవారి పేరు పెట్టే ఆనవాయితీ ఉంది.) అలాగని అందరూ నిష్ఠగా ఉన్నారనుకోకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ డైరీలో 1942 డిసెంబరులో యూదుల పండుగ హనుక్కా, క్రైస్తవుల సెయింట్ నికలస్ రోజు రెండూ కనబడతాయి. మీ కుటుంబం ఎంతవరకు పాటిస్తుందో ముందే తేల్చుకుని, నవలంతా ఆ మాట మీదే ఉండండి.

తర్వాతి అధ్యాయాలు యుద్ధంలోకి వెళ్తాయి కాబట్టి ఇంకో మాట. క్రాకోవ్‌లో, వార్సాలో ఛాతీ మీద పసుపు నక్షత్రం లేదు. 1939 డిసెంబరు నుంచి కుడిచేతికి తెల్ల పట్టీ, దాని మీద నీలి నక్షత్రం. అదే పోలండ్‌లో, జర్మనీలో కలిపేసుకున్న లోడ్జ్ నగరంలోనైతే పసుపు నక్షత్రం ఛాతీ మీదా వీపు మీదా పెట్టించారు. జర్మనీలో 1941 సెప్టెంబరులో గానీ నక్షత్రం రాలేదు, ఫ్రాన్స్ ఆక్రమిత ప్రాంతంలో 1942 జూన్‌లో వచ్చింది. ముఖచిత్రం వేసే ఆర్టిస్టుకు ఇది రాసి ఇవ్వండి. లోపల సరిగ్గా రాసినా, అట్ట మీద తప్పు పడడం మామూలే.

ప్రశ్న: డెన్మార్క్ రాజు తానే నక్షత్రం ధరించి గుర్రమెక్కి వీధుల్లో తిరిగాడట. దాన్ని మా బడి నాటికకు పతాక సన్నివేశం చేసుకున్నాం. వేషం ఎలా ఉండాలి? (విశాఖపట్నం ఉపాధ్యాయుడు)

జవాబు: ఆ సన్నివేశం తీసేయండి మాస్టారూ. డెన్మార్క్‌లో యూదులకు నక్షత్రం ఎన్నడూ పెట్టనేలేదు, కాబట్టి రాజు పెట్టుకునే ప్రసక్తే లేదు. పదో క్రిస్టియన్ రాజు జర్మన్ ఆక్రమణ మొదట్లో రోజూ ఒంటరిగా గుర్రం మీద కోపెన్‌హాగెన్ వీధుల్లో తిరిగిన మాట నిజం. 1942 అక్టోబరులో ఆ గుర్రం మీంచే పడి గాయపడ్డాడు. యూదుల మీద దాడి జరిగింది ఆ తర్వాత ఏడాదికి.

అసలు జరిగిందే నాటికకు చాలు. 1943 సెప్టెంబరు నెలాఖరులో డక్‌విట్జ్ అనే జర్మన్ దౌత్యాధికారి దాడి సంగతి డెన్మార్క్ నాయకుల చెవిన వేశాడు. 29న ఉదయం, యూదుల కొత్త సంవత్సరం ముందురోజు, కోపెన్‌హాగెన్ ప్రార్థనా మందిరంలో మార్కస్ మెల్కియోర్ అనే మతగురువు ప్రార్థన ఆపి, ఇళ్లకు వెళ్లి అందరికీ చెప్పండి, దాక్కోండి అన్నాడు. అక్టోబరు 1 రాత్రి జర్మన్ పోలీసులు తలుపులు కొట్టేసరికి చాలా ఇళ్లు ఖాళీ. ఆసుపత్రుల్లో, చర్చిల్లో, తెలిసినవారి ఇళ్లలో దాక్కున్నవారు పడవల్లో స్వీడన్ చేరారు. అలా బయటపడినవారు దాదాపు 7,200 మంది. ఎల్సినోర్ ఊరి దగ్గర స్వీడన్‌కు మధ్యనున్న జలసంధి నాలుగు కిలోమీటర్లే, కానీ అక్కడ కాపలా గట్టిది. అందుకే చాలా పడవలు దూరపు రేవుల నుంచే వెళ్లాయి.

రంగస్థలం మీద పడవ అడుగుభాగం చూపించండి. చేపలు పోసే గది, పైన టార్పాలిన్, నిటారుగా కూర్చోను వీల్లేని చీకటి. పసివాళ్లు ఏడవకుండా డాక్టర్లు మత్తు ఇచ్చారు. మత్తు వదిలి బిడ్డ కదిలితే తల్లికి పై ప్రాణాలు పైనే. జాలర్లందరూ ఉచితంగా తీసుకెళ్లారని మాత్రం చెప్పించకండి. చాలామంది డబ్బు తీసుకున్నారు, మనిషికి వెయ్యి క్రోనర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లేనివారి కోసం ఇతరులు చందాలు వేశారు. పట్టుబడితే పడవా పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఎనిమిదో తరగతి పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటారు. గిలెలయ అనే రేవు ఊళ్లో చర్చి అటక మీద దాక్కున్న దాదాపు 80 మంది దొరికిపోయారు. డెన్మార్క్ నుంచి 500 మందికి కాస్త తక్కువగా తెరేజియన్‌స్టాట్ శిబిరానికి వెళ్లారు. అదీ నాటికలో ఉండాలి.

ప్రశ్న: తొమ్మిది, పదేళ్ల పిల్లలకు చావు ఎంతవరకు చూపించాలి? నా కథలో పిల్ల 1942లోనే ‘గ్యాస్ గదులకు తీసుకెళ్తున్నారు’ అంటుంది. (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: ఆ మాట ఆ పిల్ల నోట ఉండకూడదు. కారణం ఆమె వయసు కాదు, ఆ తేదీ. నెదర్లాండ్స్‌లో యూదులకు జర్మన్లు పంపిన పిలుపు కాగితంలో ఉన్నది ‘జర్మనీలో పని’ అనే. పెద్దలు భయపడ్డారు, పుకార్లు విన్నారు, కానీ మనకు ఇవాళ తెలిసినంత వారికి తెలియదు. యూదుల ఈ సామూహిక హత్యకు ‘హోలోకాస్ట్’ అన్న పేరూ అప్పటికి వాడుకలో లేదు. వాళ్ల నోళ్లలో ఉన్న మాటలు వేరు. వీధికి అడ్డుగా లారీలు పెట్టి మనుషుల్ని పట్టుకుపోవడం ‘రజ్జియా’. దాక్కున్నవాడు ‘ఒండర్‌డౌకర్’, అంటే నీళ్లలోకి మునకేసినవాడు.

పిల్లలకు ఎంత చూపించాలో తేల్చుకోవడానికి ఆ పిలుపుతో వచ్చిన సామాను జాబితానే పట్టుకోండి: గట్టి బూట్లు ఒక జత, సాక్సులు రెండు జతలు, చొక్కాలు రెండు, ఉన్ని దుప్పట్లు రెండు, గిన్నె ఒకటి, మగ్గు ఒకటి, చెంచా ఒకటి. తల్లి ఒక్కోటి సంచిలో పెడుతూ కాగితం మీద టిక్కు పెడుతుంటే, చెంచా దగ్గర పిల్ల అడగాలి: ‘ఫోర్కు ఎందుకు లేదమ్మా?’ పదేళ్లవారికి అంతే చాలు. శిబిరం లోపలి సంగతులు పద్నాలుగేళ్లు దాటినవారి పుస్తకానికి వదిలేయండి. చివర రెండు పేజీల వెనుకమాటలో మాత్రం ఏమైందో సూటిగా చెప్పండి: నెదర్లాండ్స్‌లోని సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్ష మందికి పైగా తిరిగి రాలేదు. కథ సుఖాంతమైనా ఆ అంకె దాచకూడదు.

రక్షించిన కథే రాస్తానంటే ఆమ్‌స్టర్‌డామ్ శిశుగృహం ఉంది. యూదుల్ని బంధించి ఉంచిన థియేటర్‌కు ఎదురుగానే అది. ట్రాము వచ్చి రెండింటికీ మధ్య ఆగినప్పుడు కాపలావాడికి ఎదుటి గుమ్మం కనబడదు. ఆ కొద్ది క్షణాల్లో పిల్లల్ని బయటికి దాటించేవారు. పక్కనున్న ఉపాధ్యాయ శిక్షణ కళాశాల గుండానూ పంపారు. దాదాపు 600 మంది అలా బతికారు. ఈ పని నడిపిన వాల్టర్ సూస్కిండ్, హెన్రియెట్ పిమెంటెల్ ఇద్దరూ యూదులే, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ధైర్యమంతా పక్కింటి క్రైస్తవులదే, యూదులు కాపాడబడడానికే ఉన్నారన్నట్టు రాయడం ఈ తరహా పుస్తకాల్లో మాకు అన్నిటికంటే బాధ కలిగించే లోపం.

ప్రశ్న: మన దేశంతో ముడిపడిన ఘట్టం ఏదైనా ఉందా? (తెనాలి పాఠకురాలు)

జవాబు: ఉంది. జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో ఆశ్రయం పొందిన పోలండ్ పిల్లల గురించి చాలామంది అడుగుతుంటారు. కానీ వారిలో అత్యధికులు కాథలిక్కులు, దాన్ని యూదు శిబిరంగా రాయకండి. మీకు కావలసింది వార్సా గెట్టోలో, అంటే ఆ నగరంలో యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, ఉంది.

పిల్లల డాక్టరు, రచయిత యానుష్ కొర్చాక్ అక్కడ అనాథాశ్రమం నడిపాడు. 1942 జులై 18, శనివారం నాడు ఆ పిల్లలు రవీంద్రనాథ్ ఠాగూర్ ‘పోస్టాఫీసు’ నాటకం ఆడారు. జబ్బుతో గది దాటలేని అమల్, కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. నాలుగు రోజులకు, 22న, గెట్టో నుంచి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో కొర్చాక్, స్తెఫానియా విల్చిన్‌స్కా, తోటి సిబ్బంది, దాదాపు 200 మంది పిల్లలతో ట్రెబ్లింకా మరణ శిబిరానికి వెళ్లే రైలెక్కారు. తప్పించుకునే అవకాశం వచ్చినా ఆయన పిల్లల్ని విడిచిపెట్టలేదు.

రాసేటప్పుడు పెరుగు అమ్మేవాడి పాత్ర మీద దృష్టి పెట్టండి. అమల్ అతని దగ్గర ఆ కేక నేర్చుకుంటానంటాడు. ఆకలితో మాడుతున్న గెట్టోలో ఒక పిల్లవాడు కావడి మోస్తున్నట్టు నటిస్తూ ‘పెరుగు, పెరుగు’ అని కేకేస్తుంటే, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. నటించిన పిల్లల పేర్లు, వాళ్ల చిన్నచిన్న తగాదాలు కల్పించుకోవచ్చు. కొర్చాక్ నోట మాత్రం సొంత మాటలు పెట్టకండి. ఆ నెలల్లో ఆయన రాసుకున్న డైరీ దక్కింది. చివరి పుటలో ఆయన కిటికీ దగ్గర పూలమొక్కలకు నీళ్లు పోస్తుంటాడు. కింద తుపాకీతో నిలబడిన సైనికుడు చూస్తుంటాడు. ఆ పుట చదివాకే మీ చివరి అధ్యాయం మొదలుపెట్టండి.