నాన్న గురించి రాస్తున్న అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. ముందు ఒక్క బిగిన చదివాను, తర్వాత పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా చదివాను. నాన్న పోయి ఏడాది తిరగకుండానే ఆయన గురించి రాయడానికి కూర్చున్నావు. అది తేలిక కాదు. ‘సరిగ్గా రాయలేకపోతే నాన్నకి అన్యాయం చేసినట్టవుతుందేమో మాస్టారూ, టెన్షన్‌గా ఉంది’ అన్నావు. ఆ టెన్షన్ ఉండనీ అమ్మా. అదే నిన్ను జాగ్రత్తగా రాయిస్తుంది.

మొదటి రెండు పేజీల్లో నాకు మీ నాన్న కనబడలేదు. ‘ప్రకృతి ప్రేమికుడు’, ‘ఆదర్శప్రాయుడైన తండ్రి’, ‘మృదుస్వభావి’ అని రాశావు. అవన్నీ నిజమే కావచ్చు, కానీ ఏ ఊళ్లో ఏ తండ్రికైనా సరిపోతాయి. ఏడో పేజీలో క్యారేజీ వచ్చింది. అక్కడ లేచి కూర్చున్నాను. వారమంతా బ్యాంకులో లెడ్జర్ల ముందు కూర్చునే గుమాస్తా, ఆదివారం తెల్లారకముందే చద్దన్నం క్యారేజీలో సర్దుకుని సైకిలెక్కేవాడు. సాయంత్రం అదే క్యారేజీలో ఎండాకాలమైతే ఈతపళ్లు, తొలకరి పడ్డాక నేరేడుపళ్లు, చలికాలంలో కొండ ఉసిరికాయలు. ఒకసారి పాము కుబుసం. మీ అమ్మ ఆ గిన్నెని చింతపండుతో, బూడిదతో తోమి తోమి, ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదన్నావు. ఇంత మంచి విషయాన్ని నాలుగు వాక్యాల్లో దాటేసి, మళ్లీ ‘నాన్న మమకారం వర్ణనాతీతం’ అని మొదలుపెట్టావు. ఆ క్యారేజీ దగ్గర ఆగు. నువ్వు అరుగు మీద కూర్చుని సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించిన సాయంత్రాలు రాయి. మూత ఎవరు తీసేవారు? నువ్వా, తమ్ముడా? లోపల ఏముందో ఆయన ముందే చెప్పేవాడా, ఊరించేవాడా?

నేను నీకు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మీ నాన్న ప్రేమని నోటితో చెప్పిన మనిషి కాదని నువ్వే రాశావు. బయట తాను చూసినదాన్ని ఇంటికి మోసుకొచ్చి మీకు చూపించడమే ఆయన ప్రేమ. అలాంటప్పుడు ఆయన తిరుగుళ్లకి ఒక అధ్యాయం, పిల్లల మీద మమకారానికి ఇంకో అధ్యాయం ఎందుకు? ఆయనకి ఆ రెండూ ఒకటే పని. నువ్వు విడగొట్టావు కాబట్టే మొదటిది పర్యాటక వ్యాసంలా, రెండోది సంతాప సభలో ప్రసంగంలా వచ్చాయి. కలిపి రాయి.

గిజిగాడి గూడు సంగతే చూడు. గాలికి ఈతచెట్టు కింద రాలిపడ్డ గూటిని సైకిల్ హ్యాండిల్‌కి కట్టి తెచ్చి, కత్తితో చీల్చి చూపించాడన్నావు. ‘ఆ పక్షి నేర్పుకు అబ్బురపడ్డాను’ అని ముగించావు. ఆయన ఏం చూపించాడు? నాకు తెలిసినంతలో ఆ గూటి లోపలి గోడలకి ఎండిన బురద ముద్దలుంటాయి. రాత్రి వెలుతురు కోసం మిణుగురుల్ని వాటికి అంటిస్తుందని పిల్లలకి కథ చెప్తారు. మీ నాన్న ఆ కథ చెప్పాడా, లేక బురద చూపించి ఊరుకున్నాడా? గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చకపోతే ఆ గూడు చాలాసార్లు సగంలోనే ఆగిపోతుంది. ఇలాంటివి ఆయనకి తెలిసే ఉంటాయి. ఆయనకి తెలిసినవాటిని ఆయనకి తెలిసినంత వివరంగా రాస్తే, ఆయన ఎలాంటి మనిషో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెన్సిల్ గీతల సంగతి. మన వంతెన కింది మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుందని రాశావు. కలవదు. మహేంద్రగిరి కొండల్లో ఆ పేరుతో రెండు ఏర్లు పుట్టాయి. ఒకటి తూర్పుకి దిగి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. మన ఊరి మీదుగా పోయేది వంశధారలో కలుస్తుంది. గాలం వేసుకుని ఈ రెండు నీళ్ల ఒడ్డునా కూర్చున్న మనిషి గురించి రాస్తున్నావు, ఆయన ఏటిని తప్పు చోట కలపకు. అలాగే చిన్న రైలు, అదే నారోగేజి బండి. పదేళ్ల వయసులో నాన్నతో చిన్న రైల్లో గుణుపురం వెళ్లానన్నావు. నువ్వు పుట్టింది 1998లో అని పై పేజీలోనే ఉంది. 1900లో మన ఊరి దాకా, 1931లో గుణుపురం దాకా వేసిన ఆ లైను మీద చిన్న రైలు 2004లో ఆగిపోయింది. పెద్ద లైను వేశాక మన ఊరికి 2010లో, గుణుపురానికి 2011లో మళ్లీ రైలొచ్చింది. అంటే చిన్న రైలెక్కినప్పుడు నీకు ఆరేళ్లకి మించి ఉండవు. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పదేళ్ల పిల్ల కిటికీ లోంచి సొంతంగా చూస్తుంది. ఆరేళ్ల పిల్లని నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, లేదా బల్ల మీద నిలబెట్టి నడుం పట్టుకుంటాడు. ఆ పట్టు నీకు గుర్తుందేమో ఆలోచించు. కాశీనగరం దాటాక వంశధార కనబడినప్పుడు వేలు పెట్టి ఏం చూపించాడు? తారీఖు సరిచేస్తే జ్ఞాపకం కూడా తేరుకుంటుంది అమ్మా, ఇది నేను చాలామంది రాతల్లో చూశాను.

మహేంద్రగిరి పేజీలు మాత్రం ముట్టుకోకు. శివరాత్రికి జనంతో పాటు కొండెక్కడం, పైన కుంతి గుడి, భీముడి గుడి, చలి, అన్నీ బాగున్నాయి. 1,501 మీటర్ల ఎత్తని అంకె వేశావు, మంచిదే. నాకు నచ్చింది ఆ అంకె పైన ఉన్న వాక్యం: ‘నేను అలిసిపోయినప్పుడల్లా నాన్నకే దమ్ము ఆడనట్టు ఆగి, ఏదో చెట్టు బెరడు చూస్తూ నిలబడేవాడు.’ మమకారం అన్న మాట ఎక్కడా లేదు చూడు. మొత్తం కాగితాల్లో ఇంతకంటే గొప్ప వాక్యం నాకు కనబడలేదు.

గుణుపురం పైన, పుట్టాసింగి వైపు కొండల్లో ఉండే సవర గిరిజనుల ఇళ్లు నువ్వు చూసే ఉంటావు. మీ నాన్నకి అక్కడ స్నేహితులున్నారని రాశావు కదా. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వేస్తారు, ఇడిటాల్ అంటారు. పంట బాగుండాలనీ, జబ్బులు రాకూడదనీ వేస్తారు, పోయినవాళ్ల కోసమూ వేస్తారు. పోయిన మనిషి ఆ బొమ్మలో వచ్చి ఉంటాడని నమ్మకం. ఒక చతురస్రం గీసి, అందులో సూర్యుడూ చంద్రుడూ, చెట్లూ కోతులూ, గుర్రాలూ ఏనుగులూ, దువ్వెనా నింపుతారు. తర్వాతి కాలంలో సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా వచ్చి చేరాయి. పోయినవాడు మంచివాడని ఆ గోడ మీద ఎక్కడా రాసి ఉండదు. ఆయన ఉండటానికి కావలసినవి మాత్రం అన్నీ ఉంటాయి. రాసేముందు మళ్లీ ఒకసారి వెళ్లి, ఆ ఇంటివాళ్ల అనుమతి అడిగి, ఆ గోడ ముందు కాసేపు కూర్చో. అది వాళ్ల పూజ. నీ రాతకి అలంకారంగా తెచ్చి పెట్టకు. చూసి రా, చాలు.

వెళ్లినప్పుడు, మీ నాన్నకి అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు అమ్మిన ఆ పెద్దాయన్ని సంతలో కలుసుకో. ఇద్దరూ గెడ్డ ఒడ్డున పూటలకి పూటలు కూర్చునేవారన్నావు. నీకు తెలియని మీ నాన్న సగం ఆయన దగ్గరే ఉన్నాడు. ఏం మాట్లాడుకునేవారో, అసలు మాట్లాడుకునేవారో లేదో అడుగు. నోటుబుక్కు వెంటనే తీయకు, ముందు టీ తాగు.

అమ్మని కూడా అడగాలి. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పాలి. నీ కాగితాల్లో అమ్మ క్యారేజీ తోమడానికి తప్ప రాలేదు. ఆదివారం ఒక్కటే సెలవు, ఆ రోజు ఆయన ఇంట్లో ఉండడు. వంశధారకి నీళ్లొచ్చాయని కబురొచ్చిన సాయంత్రాలు ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆవిడ గుమ్మంలో ఎలా గడిపిందో నీకు తెలుసా? కోపం ఉంటే ఉందని రాయి. ఆ కోపం వల్ల మీ నాన్న చిన్నవాడైపోడు. ఎదురుచూసిన మనిషి పక్కన లేకపోతే, ఇంటికి చేరిన మనిషి బొమ్మ పూర్తి కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటి పేజీ పెంచు. గజపతి జిల్లాలో ఎన్ని చెట్లు పడిపోయాయో మనమంతా చూశాం. జీడితోటలు, పనసలు, కొబ్బరి, వేళ్లతో సహా లేచిపోయాయి. దారులు మూసుకుపోయి కొండ ఊళ్లకి బియ్యం చేరని రోజులవి. మీ నాన్న నేలమీద పడ్డ పనసచెట్టు పక్కన చాలాసేపు కూర్చున్నాడని, మర్నాడు గింజలు ఏరి డబ్బాలో వేశాడని రాశావు. పనస గింజ ఆరిపోతే మొలవదు, తడి ఆరకముందే నాటాలి. ఆయనకిది తెలుసు కాబట్టే అంత తొందరపడ్డాడేమో. ఎక్కడ నాటాడు? ఎన్ని బతికాయి? వెళ్లి చూసి, ఇప్పుడెంత ఎత్తున ఉన్నాయో రాయి.

ఆస్పత్రి పేజీలు తగ్గించు. ఇప్పుడు నీకు ఆ నెలలే కళ్ల ముందున్నాయి, అది సహజం. కానీ అరవై ఏళ్లు ఎండలో వానలో తిరిగిన మనిషికి, పుస్తకంలో మూడో వంతు మంచం మీద ఇవ్వకు. ఆయన నర్సుని అడిగి కిటికీ పక్క మంచం తీసుకున్నాడని రాశావు. దాన్ని ఉంచు. మందుల పేర్లు, రిపోర్టుల అంకెలు తీసెయ్యి.

భాష గురించి భయపడకు. ‘ఒడియా మీడియంలో చదివాను, నా తెలుగు ఇంటి తెలుగు’ అని సిగ్గుపడుతూ రాశావు. 1936లో మన ఊరు ఒడిశాలోకి వచ్చాక మన పిల్లలు ఎక్కువమంది అలాగే చదివారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్తూ సవర భాషని సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు, మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడారు. ఆ ఊరి పిల్లవి నువ్వు. నీ కాగితాల్లో ఒక చోట ‘పాదరక్షలు విడిచి నడిచినచో భూమాత స్పర్శ తెలియునని నాన్నగారు బోధించారు’ అని ఉంది. కింద అంచులో చిన్న అక్షరాల్లో ఆయన అసలన్న మాట రాసుకున్నావు: ‘సెప్పులిప్పీసి నడవే గుంటా, నేల తెల్సొస్తాది.’ పైది కొట్టేసి కిందది పైకి తీసుకురా. మధ్యలో ఒడియా మాట వస్తే రానీ, ఆయన అలాగే మాట్లాడాడు.

మార్చాక మళ్లీ పంపు. పంపేముందు అమ్మకి చదివి వినిపించు. ఆవిడ ‘అలా కాదు’ అన్న చోటల్లా పక్కన గుర్తు పెట్టుకో. నేను ముందు ఆ గుర్తులే చూస్తాను. తొందర లేదు, శివరాత్రి వెళ్లాక పంపినా పర్వాలేదు. ఈసారి కొండెక్కితే తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లు. వాడికి గుర్తున్నవి నీకు గుర్తున్నవాటికంటే వేరేగా ఉంటాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు