కడప కాస్తా 3?హెచ్ ఎట్లయింది?

ప్రశ్న: అన్నా, మాది కడప. మా నాయనకు కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ షాపు ఉండేది. అప్పటి 286 కంప్యూటర్ ఇంకా ఇంట్లోనే ఉంది, డాస్‌ది, తెలుగు కోసం వేయించిన జిస్ట్ కార్డు మాత్రం పోయింది. ఫైళ్ళన్నీ ఐదుంపావు అంగుళాల పెద్ద ఫ్లాపీల్లో ఉన్నాయి. మా మామ దగ్గరున్న విండోస్ 98 సిస్టంకి సీరియల్ కేబుల్ వేసి పంపినా. 286 స్క్రీన్ మీద చూస్తే అన్నీ గీతలు, 98లోకి వచ్చినాక చూస్తే వేరే చెత్త. పైన కడప అని ఉండాల్సిన చోట 3, క్వశ్చన్ మార్కు, పెద్ద హెచ్ వస్తాంది. ఫైళ్ళు పోయినట్టేనా?

జవాబు: పోలేదు తమ్ముడూ. ఆ 3?హెచ్ చూసి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది చెత్త కాదు, కడపే, కాకపోతే తల తెగిన కడప.

సీడాక్ (ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్ళ జిస్ట్ కార్డు ఉన్న సిస్టంలో తెలుగు ఇస్కీ కోడ్‌లో, అంటే ఒక్కో అక్షరానికి ఒక నంబరు చొప్పున, సేవ్ అయ్యేది. అందులో ఇంగ్లీషు అక్షరాలకు 127 లోపు నంబర్లు, మన అక్షరాలకు 160 దాటినాక. క అంటే 179, డ అంటే 191, ప అంటే 200. ఒక్కో నంబరును ఎనిమిది బిట్లలో (0 లేదా 1) రాస్తారు, అందులో ఎనిమిదో బిట్ విలువ 128, అది దారిలో ఊడిపోయిందనుకో, ఒక్కోదాంట్లో 128 తీసేయ్, 51, 63, 72 మిగుల్తాయి, అవి ఆస్కీలో (ఇంగ్లీషు అక్షరాల నంబర్ల పట్టిక) సరిగ్గా 3, క్వశ్చన్ మార్కు, హెచ్. ఇంక 286లో గీతలంటావా, అక్కడ బిట్లన్నీ ఉన్నాయి, కార్డే లేదు, కాబట్టి డాస్ 179ని నిలువు గీతగా, 191ని పై మూలగా, 200ని జంట గీతల కింది మూలగా చూపిస్తాంది. ఐబీఎం పీసీలో ఆ నంబర్లు టేబుళ్ళు గీసుకోడానికి పెట్టుకున్నవి మరి. అంటే నీ ఫ్లాపీ బంగారంలా ఉంది.

బిట్ ఎక్కడ ఊడిందో కూడా చెప్తా. నువ్వు సీరియల్ పోర్టు సెట్ చేసే మోడ్ కమాండులో కామ్1 (పోర్టు పేరు), 9600 (స్పీడు) అని కొట్టి వదిలేసి ఉంటావు, మిగతావి చెప్పకపోతే డాస్ తనంతట తానే ఈవెన్ పారిటీ (తప్పు పట్టుకునే అదనపు బిట్), 7 బిట్స్ తీసుకుంటుంది, ఇంగ్లీషుకు అది చాలు, మనకు చాలదు. ఈసారి 9600 తర్వాత కామా పెట్టి ఎన్ (పారిటీ వద్దని), 8 (బిట్లు), 1 (స్టాప్ బిట్) కూడా కొట్టు. అవతల 98లో కేబుల్‌లో వచ్చేది అందుకునే హైపర్ టెర్మినల్ ప్రోగ్రాంలోనూ అవే పెట్టు, దాని ఆస్కీ సెటప్‌లో వచ్చే డేటాను 7 బిట్‌కు కుదించే టిక్ ఒకటుంటుంది, అది ఉంటే తీసేయ్. కాపీ కమాండుకు స్లాష్ బి తగిలించడం మర్చిపోవద్దు, లేకుంటే ఫైల్ మధ్యలో 26వ నంబరు బైట్ తగిలిన చోటే ఫైల్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 360 కేబీ ఫ్లాపీ నిండా ఉన్నా ఆరున్నర నిమిషాల్లో అయిపోతుంది, టీ తాగి వచ్చేలోపు. ఈ పద్ధతిలో తప్పొప్పులు చూసేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి రెండు వైపులా ఫైల్ సైజు కలుస్తుందో లేదో చూసుకో. 286లోకి కెర్మిట్ అనే ఫైళ్ళు పంపే ప్రోగ్రాం ఎక్కించే దారి ఉంటే అదే మేలు, తప్పు పోయిన ముక్కను మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది.

అన్నిటికంటే ముందు ఫ్లాపీ పక్కనున్న గాడి మీద టేపు అంటించు. పెద్ద ఫ్లాపీకి గాడి మూస్తేనే రక్షణ, చిన్నదానికి బెజ్జం తెరిస్తే రక్షణ, ఈ తిరకాసు తెలియక నేను ఒక ఫ్లాపీ చేజేతులా చెరిపేసుకున్నా.

98 నుంచి లాప్‌టాప్‌కి చిన్న 1.44 ఎంబీ ఫ్లాపీలో వేసుకో, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దాన్ని చదువుతుంది (పెద్దది దాంట్లో పట్టదు, కొని మోసపోవద్దు). తర్వాత విండోస్‌లో తెలుగు ఇస్కీ కోడ్‌పేజీ నంబరు 57005, పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే చోటు) ఆ నంబరుతో చదివి యూనికోడ్‌లో రాయిస్తే కడప కడపలాగే వస్తుంది. నాయన వాడిన సాఫ్ట్‌వేర్ బోల్డుకు, పేజీలకు సొంత గుర్తులు పెట్టి ఉంటే అక్కడక్కడా పిచ్చి అక్షరాలు మిగుల్తాయి, చేత్తో ఏరుకోవాల్సిందే.

ప్రశ్న: పాత మాక్ 800 కేబీ ఫ్లాపీలు యూఎస్‌బీ డ్రైవ్‌లో ఎందుకు రావడంలేదు సార్? (అనంతపురం నుంచి)

జవాబు: రావు. ఆ ఫ్లాపీ రాసేటప్పుడు మాక్ డ్రైవ్ బయటి ట్రాకుల దగ్గర నిదానంగా, లోపలికి పోయేకొద్దీ స్పీడుగా తిరుగుతుంది, పీసీ డ్రైవ్‌కు ఒకటే స్పీడు. సూపర్‌డ్రైవ్ (800 కేబీ, 1.44 రెండూ చదివే డ్రైవ్) ఉన్న పాత మాక్‌లో, సిస్టం 7.5 (మాక్ ఆపరేటింగ్ సిస్టం) ఉంటే, 800 కేబీది చదివి డాస్ ఫార్మాట్ చేసిన 1.44 ఫ్లాపీలోకి కాపీ చెయ్యండి.