టెక్ సందేహాలు: రెండున్నర లక్షల లెన్స్, రెండు సెంటీమీటర్ల ఫోకస్

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే నాకు లెన్స్‌ల మీద ఉత్తరాలు మొదలవుతాయి. ఈ వారం ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు పక్కన పెట్టి అన్నీ వాటి మీదే.

"సార్, విజయవాడలో 14 ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. 24-70, 85 ఎఫ్/1.8 లెన్స్‌లు వాడుతున్నాను. చెన్నైలో ఒకాయన దగ్గర 1960ల నాటి కెనాన్ 50 ఎంఎం ఎఫ్/0.95 లెన్స్ ఉంది. 'చాలా అరుదైనది, దీపం వెలుగు చాలు, ఫ్లాష్ అక్కర్లేదు' అంటున్నారు. రెండున్నర లక్షలు చెబుతున్నారు. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు, మనసేమో లాగుతోంది. కొనమంటారా?" - గవర్నర్‌పేట నుంచి ఒక ఫొటోగ్రాఫర్

పెళ్లిళ్ల కోసమైతే వద్దు. మోజు కోసమైతే అది వేరే లెక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్స్ దూరపువాటిని దగ్గరగా చూపిస్తుంది, ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లోపలికి ఎక్కువ వెలుగొస్తుంది. ముందు ఆ 'అరుదు' సంగతి చూద్దాం. ఈ లెన్స్‌ను కెనాన్ 1961లో తన కెనాన్ 7 కెమెరా కోసం తెచ్చింది. మనిషి కంటి కన్నా నాలుగు రెట్లు ప్రకాశవంతం అని అప్పట్లో ప్రచారం చేసుకుంది. తర్వాత జనం ముద్దుగా 'డ్రీమ్ లెన్స్' అన్నారు. పేరున్న లెన్సే, కాదనను. కానీ ఇది వేలల్లో తయారైంది. అమ్మే ఆయన అరుదు అన్నప్పుడు 'ఎన్ని తయారయ్యాయండీ?' అని అడిగి చూడండి.

అసలైన అరుదు ఎలా ఉంటుందో చెబుతాను. జర్మనీలోని కార్ల్ జైస్ కంపెనీ 1966లో ప్లానర్ 50 ఎంఎం ఎఫ్/0.7 అనే లెన్స్ చేసింది. మొత్తం పదే పది. ఆరు నాసా తీసుకుంది, ఒకటి జైస్ తన దగ్గరే ఉంచుకుంది. మిగతా మూడూ సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ కొన్నారు. 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తుల వెలుగులో జరిగే సన్నివేశాలు వాటితోనే తీశారు. మీకు చెన్నై ఆయన అమ్ముతున్న కల కూడా ఇదే: దీపం చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. అయితే ఆ షూటింగ్‌లో ఏం జరిగిందో కూడా తెలియాలి. ఆ లెన్స్ బిగించడానికి కెమెరానే కోసి మార్చాల్సి వచ్చింది. ఫోకస్ ఎంత పల్చగా ఉండేదంటే నటులు కుర్చీల్లో దాదాపు కదలకుండా కూర్చోవాలి. వాళ్లు ముందుకు, వెనక్కి ఎంత జరిగారో కనిపెట్టడానికి పక్కనుంచి ఇంకో వీడియో కెమెరా పెట్టుకున్నారు.

మన మండపంలో ఎవరు కదలకుండా కూర్చుంటారు? పంతులుగారు ఊగుతూ మంత్రం చదువుతుంటారు, మేనమామ బుట్ట సర్దుతుంటాడు, వెనక నుంచి ఒక పిన్ని అడ్డం వస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్క. 50 ఎంఎంను 0.95తో భాగిస్తే 52 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే లెన్స్ కన్ను అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. వెలుగు బాగా వస్తుంది, నిజమే. కానీ ఫోకస్ లోతు చచ్చిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, మీటరు దూరంలో, ఎఫ్/0.95 దగ్గర షార్ప్‌గా వచ్చే మేర సుమారు 2.3 సెంటీమీటర్లు. ఈ లెన్స్ మీటరు కన్నా దగ్గరికి ఫోకస్ కాదు కాబట్టి మీ క్లోజప్‌లు చాలావరకు అక్కడే ఉంటాయి. పెళ్లికూతురి కంటి రెప్పలు షార్ప్‌గా వస్తాయి, ముక్కుపుడక మెత్తబడుతుంది. బాసికం కొంచెం వంగి ఉంటే అందులో సగం మాయం. రెండో కన్ను దక్కాలంటే ఆ అమ్మాయి ముఖం మీ కెమెరాకు తిన్నగా ఉండాలి. పైగా ఆటోఫోకస్ లేదు, రింగ్ చేత్తో తిప్పాల్సిందే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మీకోసం రెండోసారి రాదు కదా. తలంబ్రాలప్పుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఇంత కష్టానికి దక్కే వెలుగెంత? ఎఫ్/1.8తో పోలిస్తే సుమారు మూడున్నర రెట్లు. స్టాపుల్లో (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు) చెబితే రెండుకు కాస్త తక్కువ. అంటే మీరు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 6400 దగ్గర తీసే ఫొటో ఐఎస్ఓ 1800 దగ్గర వస్తుంది. 1961లో ఇది పెద్ద సంగతే, ఎందుకంటే ఫిల్మ్‌తో ఐఎస్ఓ 400 దాటితే గింజలు కనిపించేవి. ఇప్పటి మీ కెమెరా 6400 దగ్గర తీసిన ఫొటో కరిజ్మా ఆల్బమ్‌లో రెండు పేజీలకు పరిచినా ఏ పెళ్లికొడుకూ నాయిస్ అని అడగడు. అదే డబ్బుకు అటూఇటూగా కంటిని గుర్తుపట్టి ఫోకస్ చేసే కొత్త 50 ఎఫ్/1.2 లెన్స్ వస్తుంది. 1.2కీ 0.95కీ తేడా మూడింట రెండు వంతుల స్టాపే.

ఇంకో మాట. ఈ రోజుల్లో దీపం వెలుగులో పెళ్లి ఎక్కడ జరుగుతోంది? వీడియో వాళ్ల ఎల్ఈడీ లైట్లు, స్టేజీ మీద రంగుల పార్ లైట్లు, వెనకాల ఎల్ఈడీ వాల్. మీకు మండపంలో కరువైంది వెలుగు కాదు. అసలు తలనొప్పి ఆ ఎల్ఈడీల ఫ్లికర్, అంటే కంటికి తెలియనంత వేగంగా మిణుకుమనడం. షట్టర్ వేగం పెంచగానే ఫొటోలో అడ్డచారలు పడతాయి. దానికి కెమెరాలో యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ ఉంటే అది ఆన్ చేయాలి, లేదంటే షట్టర్ వేగం దించాలి. రెండున్నర లక్షల గాజు దాని మీద ఏమీ చేయలేదు.

మరి ఈ లెన్స్‌లో ఏమీ లేదా? ఉంది. పూర్తిగా తెరిచినప్పుడు తెలుపు చుట్టూ ఒక మెత్తని వెలుగు కమ్ముకుంటుంది. మధుపర్కాల అంచులు పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తాయి. లెన్స్ పాఠాల్లో దీన్ని లోపం అంటారు, చూసేవాళ్లు అందం అంటారు. సాయంత్రం కృష్ణ ఒడ్డున తీరిగ్గా నిలబెట్టి తీసే ప్రీవెడ్డింగ్ ఫొటోలకు అది బాగుంటుంది. అక్కడ జంట మీరు చెప్పినట్టు నిలబడుతుంది, తప్పితే మళ్లీ తీయొచ్చు. అయినా ముందు ఆ రకం ఫొటో మీకు నప్పుతుందో లేదో తేల్చుకోండి. టీటీఆర్టిజాన్, మిటాకాన్ లాంటి చైనా కంపెనీల 50 ఎంఎం ఎఫ్/0.95 లెన్స్‌లు ఇందులో చిన్న భాగం ధరకే దొరుకుతాయి. వాటి మెరుపు అచ్చం డ్రీమ్ లెన్స్‌లా ఉండదు గానీ, రెండు సెంటీమీటర్లతో కాపురం చేయగలరో లేదో వారంలో తెలిసిపోతుంది.

ఇంత చెప్పినా కొనాలనిపిస్తే కొనండి. పద్నాలుగేళ్లు కష్టపడ్డ మనిషికి ఒక మోజు ఉండకూడదని నేననను. కాకపోతే ఇంట్లో 'ఇది పెట్టుబడి, పెళ్లిళ్లలో తిరిగొస్తుంది' అని చెప్పొద్దు. మోజని చెప్పండి. ఈఎంఐలో మాత్రం వద్దు. సీజన్ పోయినా ఈఎంఐ పోదు.

కొనేటప్పుడు చూడాల్సినవి నా అనుభవం నుంచి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పాత 135 ఎంఎం లెన్స్ కొన్నాను. షాపులో ట్యూబ్‌లైటు కింద అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చి రాత్రి కరెంటు పోయినప్పుడు సరదాగా ఫోన్ టార్చి వెనక నుంచి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు! ఫంగస్. మెకానిక్ విప్పి తుడిచాడు, ఫంగస్ పోయింది, అది కోటింగ్‌ను తిన్న గుర్తు మాత్రం పోలేదు. లైటుకు ఎదురుగా తీస్తే ఇప్పటికీ ఫొటో పాలిపోతుంది. షాపతను 'చూసుకునే కదా సార్ కొన్నారు' అన్నాడు. నిజమే, చూసుకున్నాను, ట్యూబ్‌లైటు కింద.

అందుకని రెండు మూతలూ తీసి, అపర్చర్ (లెన్స్ కన్ను) పూర్తిగా తెరిచి, చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. దారాల్లా ఉంటే ఫంగస్. అద్దం మీద ఊదినట్టు మసకగా ఉంటే హేజ్. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే గాజులను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, బేరం ఆపి ఇంటికొచ్చేయండి. వెనక గాజు మీది గీత ముందు గాజు మీది గీత కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఈ లెన్స్ విషయంలో ఇంకొకటి: దీని మౌంట్, అంటే కెమెరాకు బిగించే భాగం, కెనాన్ 7 వరుస కెమెరాలకు మాత్రమే ప్రత్యేకం. మీ కెమెరాకు బిగించాలంటే దానికోసమే చేసిన అడాప్టర్ కావాలి, లేదా లెన్స్‌ను ముందే జర్మనీ కంపెనీ లైకా కెమెరాల ఎం మౌంట్‌కు మార్చి ఉండాలి. ఆయన దగ్గర ఈ రెండిట్లో ఏది ఉందో అడగండి. మీ కెమెరా తీసుకెళ్లి, బిగించి, నాలుగు ఫొటోలు తీశాకే డబ్బు మాట.

"రిటైర్డ్ లెక్చరర్‌ని. ఉప్పలపాడు పక్షుల ఫొటోలు తీయడం హాబీ. నా దగ్గర ఏపీఎస్-సి కెమెరా, 55-250 లెన్స్ ఉన్నాయి. 600 ఎఫ్/4 లాంటి పెద్ద లెన్స్ లేనిదే పక్షుల ఫొటోలు రావని మిత్రులు అంటున్నారు. 1200 ఎంఎం లెన్స్ కూడా ఉంటుందట, నిజమేనా?" - బ్రాడీపేట, గుంటూరు

నిజమే మాస్టారూ, ఉంది. కెనాన్ 1993లో ఈఎఫ్ 1200 ఎంఎం ఎఫ్/5.6 అని తెచ్చింది. ఆర్డరిస్తేనే తయారుచేసేవారు. అందులో వాడిన పెద్ద ఫ్లోరైట్ స్ఫటికాలను పెంచడానికే నెలలు పట్టేది. బరువు 16.5 కిలోలు. అలాంటిది ఒకటి 2021లో వేలంలో 5 లక్షల యూరోలు పలికింది, అప్పటి మారకంలో మన 4 కోట్ల పైమాటే. దాన్ని ఉప్పలపాడు చెరువుగట్టు మీదికి మోయాలంటే ఇద్దరు శిష్యులు కావాలి.

మోశారే అనుకుందాం, పొద్దెక్కాక ఏం చేస్తారు? గుంటూరు ఎండలో తొమ్మిదయ్యేసరికి నేల మీద, నీటి మీద గాలి వేడెక్కి అలలు తిరుగుతుంది. తారు రోడ్డు మీద దూరంగా నీళ్లున్నట్టు కనిపిస్తుందే, అదే వ్యవహారం. లెన్స్ పొడుగయ్యేకొద్దీ, పక్షి దూరమయ్యేకొద్దీ ఆ వణుకు ఫొటోలో ఎక్కువవుతుంది. నాలుగు కోట్ల లెన్స్ కూడా ఆ వణుకును చక్కగా, స్పష్టంగా చూపిస్తుందంతే. దూరం తగ్గించుకోవడం, పొద్దున్నే వెళ్లడం తప్ప దీనికి మందు లేదు. ఉప్పలపాడులో మన అదృష్టం ఏమంటే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువులోని చెట్ల మీదే గూళ్లు కడతాయి, మరీ దూరం కాదు.

మీకు సిగ్మా లేదా టామ్రాన్ 150-600 చాలు. బరువు రెండు కిలోల ప్రాంతం. సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది. మీ ఏపీఎస్-సి కెమెరా సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి, దాని మీద ఆ లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌లో 900 ఎంఎం పైన చూపించేంత దగ్గరగా చూపిస్తుంది. 600 చివర ఎఫ్/6.3 అవుతుంది, అంటే 600 ఎఫ్/4 కన్నా ఒకటింపావు స్టాప్ పైచిలుకు తక్కువ వెలుగు. మన ఎండకు అదొక లోటా! ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 పెట్టండి, ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. పది లక్షలు దాటే 600 ఎఫ్/4 అడవిలో చీకటి పడ్డాక గుడ్లగూబల కోసం తిరిగేవాళ్లకు కావాలి.

"మిర్చి వ్యాపారం మాది. మా అబ్బాయి అరుదైన లెన్స్‌లు కొని దాచితే బంగారం కన్నా బాగా పెరుగుతాయంటున్నాడు. పెట్టొచ్చా?" - గుంటూరు

కొన్ని పెరిగాయి, అబద్ధం కాదు. నికాన్ 1970లో చూపించిన 6 ఎంఎం ఎఫ్/2.8 ఫిష్‌ఐ లెన్స్ ఉంది. ఐదు కిలోల పైన బరువు, 220 డిగ్రీల చూపు, అంటే తన వెనక ఉన్నది కూడా కొంత చూస్తుంది. 2012లో లండన్‌లో ఒక షాపు దాన్ని లక్ష పౌండ్లకు అమ్మింది. 2022లో లైకా జీరో సిరీస్ కెమెరా ఒకటి వేలంలో 1.44 కోట్ల యూరోలు పలికింది. కానీ అది లైకాను కనిపెట్టిన ఆస్కార్ బర్నాక్ సొంతంగా వాడిన కెమెరా. ధర పలికింది ఆయన చేతికి. మీ అబ్బాయి కొనబోయే దాని మీద ఎవరి చెయ్యి ఉందో అడగండి.

మీ వ్యాపారం భాషలో చెప్పాలంటే, మిర్చికి యార్డు ఉంది. పొద్దున్నే రేటు తెలుస్తుంది, అవసరమైతే ఆ రోజే అమ్మేయొచ్చు. లెన్స్‌కు యార్డు లేదు. కొనేవాడు టోక్యోలోనో వియన్నాలోనో ఉంటాడు, వాడికి కావాల్సినప్పుడే కొంటాడు. ఇక నిల్వ. మిర్చి టిక్కీలను (బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టకపోతే రంగు పోయినట్టే, మన కోస్తా తేమకు లెన్స్ బీరువాలో పెడితే ఫంగస్ పడుతుంది. తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కావాలి, అది ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. చాలామంది బియ్యం డబ్బాలో పెడతారు. దయచేసి అలా చేయొద్దు, ఆ పిండి దుమ్ము ఫోకస్ రింగులోకి దూరుతుంది. లక్షలు పెట్టి లెన్స్ కొన్నవాళ్లే క్యాబినెట్ ఖరీదనడం నేను చూశాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమే అది.

అబ్బాయికి ఫొటోగ్రఫీ ఇష్టమైతే వాడుకునే లెన్స్ ఒకటి కొనివ్వండి. దాచుకునేది వద్దు.

"నా ఫోన్ కెమెరా కూడా ఎఫ్/1.8 అని రాసి ఉంది. మా అన్నయ్య కెమెరా లెన్స్ 50 ఎంఎం ఎఫ్/1.8. రెండూ ఒకటేనని నేను, కాదని వాడు. ప్లేటు పునుగులు పందెం." - బీటెక్ విద్యార్థిని, విజయవాడ

పై లెక్కే వేయండి. అన్నయ్య లెన్స్ కన్ను 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్లు. ఫోన్ మెయిన్ కెమెరాలో లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 6, 7 మిల్లీమీటర్లే ఉంటుంది, అంటే కన్ను 4 మిల్లీమీటర్లకు లోపే. సెన్సర్ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకు పడే వెలుగు రెండింటిలోనూ సుమారుగా ఒకటే, అంతవరకు మీరు కరెక్ట్. కానీ ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి మొత్తం వెలుగు తక్కువ, వెనకాల అంత మెత్తగా బ్లర్ కూడా కాదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే బ్లర్ సాఫ్ట్‌వేర్ వేసింది, జుట్టు అంచుల దగ్గర జూమ్ చేసి చూస్తే దొరికిపోతుంది. పునుగులు మీరే పెట్టించాలి. చట్నీ ఎక్కువ వేయించుకోండి.