డౌట్ లెక్క మీద ఉంటే లెక్క గురించే చెప్పండి

ప్రశ్న: నేను 32 ఏళ్ల మహిళను. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పోయిన నెల మా కొనుగోళ్ల లెక్కకీ, జీఎస్టీఆర్-2బీకీ (సప్లయర్ల రిటర్నులను బట్టి, మా కొనుగోళ్ల మీద పడ్డ పన్నులో ఎంత క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చో చూపే జీఎస్టీ పట్టిక) తేడా కనిపించింది. మేనేజర్ గారికి, "సారీ సర్, డిస్టర్బ్ చేస్తున్నాను. నేనే పొరబడి ఉండొచ్చు. చిన్న డౌట్ అంతే, వీలైతే ఒకసారి చూడండి" అని మెయిల్ పెట్టాను. ఆయన పట్టించుకోలేదు, రిటర్న్ వేసేశారు. తర్వాత అదే సంగతి పక్క సీటు అబ్బాయి మీటింగులో చెబితే మెచ్చుకున్నారు. నా అప్రైజల్లో మాత్రం 'కాన్ఫిడెన్స్ తక్కువ' అని రాశారు. చిన్నప్పటి నుంచి పెద్దల ముందు నోరెత్తడం నాకు అలవాటు లేదు. గట్టిగా మాట్లాడితే పొగరంటారని భయం. ఏం చేయను?

జవాబు: మీ మెయిల్లో క్షమాపణ ఉంది, అనుమానం ఉంది, బతిమాలడం ఉంది. తేడా ఎంతో మాత్రం లేదు. 2బీ వచ్చేది 14న, నెలనెలా వేసేవాళ్లకి 3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) గడువు 20. ఆ ఆరు రోజుల్లో మేనేజర్ టెన్షన్ ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. 'చిన్న డౌట్' అని మీరే అన్నాక ఆయన దాన్ని పెద్దది చేసుకుని ఎందుకు చూస్తారు?

అదే సంగతి ఇలా రాసి ఉంటే (అంకెలు ఉదాహరణకే): "సర్, 2బీతో సరిచూశాను. మూడు బిల్లుల మీద రూ.84,000 క్రెడిట్ మన లెక్కల్లో ఉంది, 2బీలో లేదు. ఇలాగే వేస్తే నోటీసు రావచ్చు. ఒక బిల్లులో సప్లయర్ మన జీఎస్టీ నంబరు తప్పు కొట్టారేమో, కనుక్కుంటున్నాను. మీరు సరేనంటే ఈ మూడూ పక్కన పెట్టి రేపు మధ్యాహ్నానికి రిటర్న్ సిద్ధం చేస్తాను."

ఇందులో 'సర్' అలాగే ఉంది. అనుమానం కూడా ఉంది. కాకపోతే అది బిల్లు మీద ఉంది, మీ తెలివి మీద లేదు. తెలియనిది తెలియదని చెప్పడంలో తప్పేమీ లేదు. ఏది తెలియదో విడమరిచి చెప్పండి, చాలు. నిజంగా పొరపాటు జరిగితే సారీ ఒక్కసారి చెప్పి, ఎలా సరిదిద్దారో రాయండి.

ముందు మెయిళ్లతో మొదలుపెట్టండి. మీటింగులో నోరు పెగలడానికి కొంత కాలం పడుతుంది, మెయిల్లో కొట్టేసి మళ్లీ రాసే వీలుంటుంది. ఎప్పట్లాగే రాసేయండి. పంపే ముందు మొదటి వాక్యం తీసేసి చూడండి. చాలాసార్లు అసలు విషయం రెండో వాక్యంలోనే మొదలవుతుంది.

ఇంట్లో నేర్చుకున్న అణకువ చెడ్డదని నేననను. ఇంట్లోవాళ్లకి మీరేంటో తెలుసు, మీరెంత తగ్గి మాట్లాడినా మీ విలువ తగ్గదు. ఆఫీసువాళ్లు మీరు చెప్పుకున్నదే నిజమనుకుంటారు.

పొగరంటారన్న భయం మాత్రం ఉత్తది కాదు. అమెరికా భాషా శాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ 1975లోనే ఈ ఇరకాటం గురించి రాశారు: ఆడవాళ్లు తటపటాయిస్తూ మాట్లాడితే పని చేతకాదంటారు, సూటిగా మాట్లాడితే ఆడతనం లేదంటారు. కాబట్టి తప్పంతా మీ మాటతీరులోనే ఉందని అనుకోకండి. "మీరు చూడలేదు" అని మనిషిని అనకుండా "ఈ బిల్లు కలవడం లేదు" అంటే సాధారణంగా గొడవ రాదు. అయినా పొగరనే అంటుంటే అది ఆ ఆఫీసు జబ్బు. ఎనిమిదేళ్ల అనుభవానికి బయట కూడా గిరాకీ ఉంటుంది.

పక్క సీటు అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి, అతనికి మీ మెయిల్ సంగతి తెలియకపోవచ్చు. ఈసారి అలా జరిగితే అక్కడే, మామూలు గొంతుతో, "అవును, దీని గురించి ఫలానా తేదీన మెయిల్ పెట్టాను. వివరాలు నా దగ్గరున్నాయి" అనండి. ఆ మాట అనబోతేనే చేతులు వణకడం, ముందురోజు నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే సైకాలజిస్టును కలవండి.

అప్రైజల్ ఫారంలో మీ అభిప్రాయం రాసే గడి ఉంటే ఖాళీగా వదలొద్దు. తేడా ఏ తేదీన చెప్పారో, ఎంత మొత్తమో రాయండి. ఆ మెయిల్ కాపీ జత చేసి హెచ్‌ఆర్‌కి పంపండి.