ప్రాజెక్టు రిపోర్టు ఏఐ రాసిందంటున్నరా? ఇట్ల చెయ్యి తమ్మీ

తమ్మీ, మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల మీద నువ్వు రాసిన రిపోర్టు 60 శాతం ఏఐ అని సాఫ్ట్‌వేర్ చూపించిందని, గైడ్ సంతకం పెడ్తలేరని రాసినవ్. పరేషాన్ కాకు. ఆ శాతం అంచనా, రుజువు కాదు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కూడా ఏఐ రాతను గుర్తించే తన సొంత సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2018 నియమాల్లోని 10 శాతం లెక్క వేరే. అది వేరేవాళ్ల రాతతో ఎంత కలిసిందో చూసే కాపీ లెక్క, ఏఐది కాదు.

గూగుల్ డాక్స్‌లో రాసిన అన్నవ్ కదా, ఫైల్ మెనూలో వర్షన్ హిస్టరీ తెరువు. ఏ రాత్రి ఏ పేరా రాసినవో, ఏది కొట్టేసినవో తేదీలతో కనిపిస్తది. దానికంటే గట్టిది నీ సర్వే నోట్‌బుక్. బోరు బోరుకూ పెన్సిల్‌తో రాసుకున్న రీడింగులు, చెమటకు అలుక్కుపోయిన అంకెలు, అన్నీ ఉన్నయ్ కదా! ఆ పేజీలు జిరాక్స్ తీసి జతచెయ్యి. ఇంగ్లిష్ దిద్దుకోవడానికి ఏఐ వాడి ఉంటే, ఎక్కడ వాడినవో దాచకుండా రాయి.

తర్వాత సార్‌నే వైవా పెట్టమని అడుగు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దు దాటిన బోర్లేవో నీకు నోటికొచ్చు. అప్పటికీ ఒప్పుకోకపోతే హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కు) దరఖాస్తు ఇయ్యి, నీ కాపీ మీద ముద్ర వేయించుకో.