అడగండి, చెబుతాను: మన ఊరి రాళ్ల దగ్గరికి

ప్రశ్న: నమస్తే సార్. మా కాలనీ ఆడవాళ్లం నెలకోసారి కలిసి సినిమాకో, యాదగిరిగుట్టకో పోతాం. ఈసారి మన పానగల్లు గుళ్లు, మ్యూజియం చూద్దామంటే "రాళ్లు తప్ప అక్కడేముంది" అన్నారు. బతిమాలితే సరేనన్నారు. వచ్చినవాళ్లకు విసుగు పుట్టకుండా ఎట్లా? నాకా చరిత్ర రాదు, టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు, రామగిరి, నల్లగొండ)

జవాబు: చెల్లెమ్మా, చరిత్ర రాకపోతే ఏం కాదు. రాజుల పేర్లన్నీ బట్టీపట్టి అక్కడ ఉపన్యాసం ఇస్తేనే జనం పారిపోతారు. ఒకప్పుడు పానగల్లు కందూరు చోడులనే రాజులకు రాజధాని, ఈ గుళ్లు ఇంచుమించు తొమ్మిది వందల ఏళ్ల నాటివి. ఆటో ఎక్కేటప్పుడు ఆ రెండు ముక్కలు చెప్పండి, చాలు. ఒకే పూటలో నాలుగు ఊళ్లు పెట్టుకోకండి. పానగల్లు ఒక్కటే పెట్టుకుని నిదానంగా చూడండి.

పొద్దున్నే ముందు ఛాయా సోమేశ్వరానికి పోండి. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం అది. ఒక గర్భగుడిలో శివలింగం వెనక స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. మీరేమీ చెప్పకండి, "ఇది ఏ స్తంభం నీడ?" అని మాత్రం అడగండి. ఒకరు ఇదంటారు, ఒకరు అదంటారు. వాదించుకోనివ్వండి. ఎండ తిరుగుతున్నా నీడ ఎందుకు తిరగట్లేదని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు చెప్పండి: ఇది నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ కాదు. స్తంభాల సందుల్లోంచి పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుతురు గోడ మీద కలుస్తుంది, అది తక్కువగా చేరిన చోటు మనకు నీడలా కనిపిస్తుంది. ఏ ఒక్క స్తంభానిదీ కాదు కాబట్టే సూర్యుడితో పాటు జరగదు. ఆ లెక్క తెలిసి కట్టిన వడ్లవాళ్లు, రాతిపని చేసే కాశెవాళ్లు మన నేల మీద తిరిగినవాళ్లే! నాకైతే ఆ గర్భగుడి ముందు నిలబడ్డప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. అయితే అది పూజలు జరిగే గుడి. పూజారి గారిని అడిగి, దర్శనానికి వచ్చినవాళ్లకు అడ్డం లేకుండా చూడండి. శివరాత్రి రోజుల్లో మాత్రం వద్దు, జనంలో నీడ కాదు కదా గడప కూడా కనపడదు.

తర్వాత ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం. మ్యూజియం కూడా అక్కడే. ఏ రోజు మూసి ఉంటుందో ముందే కనుక్కోండి. ఇక్కడ గోడంతా చూడాలని పరుగెత్తొద్దు. ఒక్కొక్కరినీ ఒక్కో బొమ్మ ఎంచుకోమనండి. మీలో జాకెట్లు కుట్టే ఆవిడ ఉంటే శిల్పంలోని చీరకట్టు, కుచ్చిళ్లు ఆమె చెప్పాలి. నగల మీద చూపున్న ఆవిడ కడియాలు, వడ్డాణం, చెవికమ్మలు చూపించాలి. కొప్పు ఎటు వాలింది, మద్దెల ఏ చేతి కింద ఉంది, ఇట్లాంటివి వాళ్ల కంటికి పడినంత సులువుగా నా కంటికి పడవు. రామాయణ, భారత కథల బొమ్మలు కనిపిస్తే పెద్దవాళ్లను కథ చెప్పమనండి.

శాసనాల దగ్గర ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. అక్షరాలు బాగా కనపడాలని సుద్దముక్క రుద్దడం, పిండి పూయడం, నీళ్లు చల్లడం వద్దు. గుళ్లలో శిల్పాలకు సున్నం, పెయింటు కొడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి వాలుగా వేస్తే చాలు, లోతు అక్షరం తేలుతుంది.

మధ్యాహ్నం ఉదయసముద్రం కట్ట మీద పులిహోర, పెరుగన్నం తినండి. ఆకులు, కవర్లు మూటగట్టి వెనక్కి తెచ్చుకోండి. మంచినీళ్లు ఇంటి నుంచే, బాత్‌రూం సంగతి కూడా బయలుదేరేటప్పుడే చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలకు మడత కుర్చీ ఒకటి ఉంటే హాయి.

తిరిగొచ్చేటప్పుడు చందుపట్ల సంగతి చెప్పండి. నకిరేకల్ దగ్గరి ఆ ఊరి శాసనం వల్లే రాణి రుద్రమదేవి 1289 నవంబరులో చనిపోయిందని మనకు తెలిసింది. ఆమెతో పాటు సేనాని మల్లికార్జున నాయకుడి పేరూ అందులో ఉంది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి ఆ రాయి వేయించాడు. రాణి కబురు ఒక మామూలు సేవకుడి చేతి మీదుగా మనదాకా వచ్చింది. అది విన్నాక వచ్చే నెల ఎక్కడికో మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.

ప్రశ్న: పాలమూరులో పిల్లలమర్రికి బడి పిల్లలను తీసుకెళ్తున్నాం. చెట్టు చూడటం అయ్యాక ఏం చూపించాలి?
(ఒక టీచరు, మహబూబ్‌నగర్)

జవాబు: అక్కడే మ్యూజియం ఉంది టీచర్ గారూ, చాలామంది దాని గడప తొక్కకుండానే బస్సెక్కుతారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తెచ్చి నిలబెట్టిన గుడి కూడా ఉంది, రాయి రాయి విప్పి మళ్లీ పేర్చడం పిల్లలకు నచ్చుతుంది. చెట్టు గురించి చెప్పేటప్పుడు 2017 డిసెంబరులో కొమ్మ విరిగి పడిందని, చెదలు తినేస్తుంటే 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందెక్కించారని చెప్పండి. ముందు మ్యూజియం, తర్వాతే చెట్టు. మర్రి దగ్గరికి వెళ్లిన పిల్లలను మళ్లీ ఇంకెక్కడికీ కదిలించలేరు.